మెల్చోరా అడగని కొసరు

కొండల నడుమ ఉన్న పునాతా ఊరి సంతలో మొక్కజొన్న కొనడానికి వచ్చిన మనిషి ముందు ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి చూస్తాడు. తర్వాత బేరమాడతాడు. తర్వాత తక్కెడ ముల్లు ఎటు మొగ్గుతోందో మెడ సాచి మరీ చూస్తాడు. ఇవన్నీ అయ్యి, గోనెసంచి మూతి కట్టబోతుండగా అప్పుడు అసలు సంగతికి వస్తాడు.

"యాపా ఏదమ్మా?"

యాపా అంటే మనం కొసరు అంటామే, అదే. తూచింది తూచేశాక, ఆపైన చేత్తో తీసి వేసే పిడికెడు. తూకానికి డబ్బిస్తారు, యాపాకి నోటిమాట చాలు. కానీ ఆ మాట అనాలి. అడిగినవాళ్ళకే యాపా. అడిగారూ అంటే మళ్ళీ మంగళవారం మీ దగ్గరికే వస్తారని అర్థం. అప్పట్నుంచి వాళ్ళు మీకు కాసెరా, మీరు వాళ్ళకి కాసెరా. వాడుక కుదిరాక అమ్మే మనిషికీ కొనే మనిషికీ ఒకటే పిలుపు. అడక్కుండా సంచి భుజాన వేసుకుపోయినవాడి వీపు చూసి, వీడిక మన గడప తొక్కడులే అనుకుంటారు అక్కడి ఆడవాళ్ళు.

మెల్చోరా కొట్టు సంత మధ్యలో, రొట్టెలమ్మే రుఫీనా పక్కన. కొట్టు అంటే ఏం లేదు, మూతులు మడిచి నిలబెట్టిన మూడు గోనెలు. ఉడకబెట్టుకునే తెల్ల గింజ, వేయించుకునే పసుపు గింజ, షర్బతు కాచుకునే ఊదా గింజ. ఆవిడకి నలభై దాటాయి. పెళ్ళి కాలేదు. తెల్లటి ఎత్తు టోపీ కింద రెండు జడలు, నవ్వితే ఒక బుగ్గ మీదే సొట్ట. చెయ్యి మాత్రం పెద్దది. ఆ చేతి పిడికెడు కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఎందుకంటే ఆ పిడికెడుతో పాటు కాస్త పొద్దు కూడా వెళ్ళేది.

మెల్చోరా దగ్గర యాపా పుచ్చుకున్న ఇంట్లో ఆ రోజు కాస్త ఆలస్యంగా చీకటిపడేది. ఊరంతా దీపాలు పెట్టుకున్నాక కూడా ఆ ఒక్క పెరట్లో తాడు మీద బట్టలు ఎండలో ఆరుతుండేవి. గోడ కట్టేవాడికి ఆఖరి వరస పూర్తయ్యేది. మంచాన పడ్డ ముసలాయనకి, దూరం నుంచి వస్తున్న కూతురి మొహం చూసేంత వెలుగు మిగిలేది. దారినపోయేవాళ్ళు ఆ పెరటి వంక చూసి "ఇవాళ మెల్చోరా దగ్గర కొన్నట్టున్నారు" అనుకుని తమ దారిన తాము పోయేవాళ్ళు.

మరి ఆ పొద్దు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎవరి సంచీలోంచి తీస్తే వాళ్ళ సంచీయే కదా తగ్గేది. మెల్చోరా పొద్దు తగ్గేది. సంతలో ఎండ పెళపెళలాడుతుండగా ఆవిడ శాలువా బిగించి కప్పుకుని లాంతరు వెలిగించుకునేది.

"అప్పుడే చీకటిపడిందటే?" అనేది రుఫీనా, అన్నం తిన్నావా అని అడిగినట్టు.

"పడిందక్కా."

"కాలవ దగ్గర చూసి నడు. ఏ వెధవో గాడిదని అడ్డంగా కట్టేశాడు."

మిట్టమధ్యాహ్నం ఎండలో లాంతరు పట్టుకుని, అడుగు తడుముకుంటూ ఇంటికెళ్ళే ఆడదాన్ని చూసి పునాతాలో పిల్లలు కూడా నవ్వరు. పక్కకి తప్పుకుని దారిస్తారు, అంతే.

ఆ చెయ్యి వాళ్ళమ్మ బసీలియా ఇచ్చిపోయింది. బసీలియాకి ముందు సాయంత్రాలు పోయాయి, తర్వాత మధ్యాహ్నాలు పోయాయి. ఆఖరికి ఒక మంగళవారం కోడి కూసింది, పక్కింట్లో పొయ్యి రాజుకుంది, కిటికీలోంచి ఎండ వచ్చి ఆవిడ మంచం మీద పడింది. ఆవిడకి మాత్రం తెల్లవారలేదు. కళ్ళు తెరుచుకుని పడుకుని "తెల్లారిందా?" అని అడిగింది. "తెల్లారిందమ్మా" అంది మెల్చోరా. "అయితే సంతకి నువ్వెళ్ళు. అడిగినవాళ్ళకి లేదనకు" అని కళ్ళు మూసుకుంది.

మెల్చోరా లేదనలేదు. ఎలా అంటుంది? ఒక్కొక్కరూ అడిగేది పిడికెడే. ఎవరికి వాళ్ళు పిడికెడే కదా అనుకునేవాళ్ళు.

తమాషా ఏమిటంటే, ఆ మాటే ఆవిడ ముద్దుపేరు కూడా. తల్లికి జుట్టు నెరిశాక, ఇక పిల్లలు లేరనుకున్నాక పుట్టింది. "దేవుడు మాకు యాపా వేశాడు" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడట తండ్రి. పెద్దయ్యేదాకా ఇంట్లో అదే పిలుపు. అన్ని నోళ్ళ నుంచి, అన్నేళ్ళుగా ఆ మాట వింది. తన నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు. రొట్టె కొన్నా, ఉప్పు కొన్నా, ఉల్లిపాయలు కొన్నా తూకం పుచ్చుకుని నోరు మూసుకుని వచ్చేసేది. అది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిసిన మనిషి ఇంకొకరి ముందు చెయ్యి ఎలా చాస్తుంది? వాళ్ళమ్మా చాచలేదు.

కొట్టుకి ఎదురుగా మొక్కజొన్న కల్లు అమ్మే ఇల్లుంది. గుమ్మం ముందు కర్రకి తెల్లగుడ్డ కట్టి ఉందంటే ఇవాళ కుండ సిద్ధమని. ఆ అరుగు మీద ప్రతి మంగళవారం ఏదో ఒక గొడవ ఉండాల్సిందే. ఆ ఏడు యాపా అనే మాట ఎక్కడ పుట్టిందనేదాని మీద పడ్డారు.

"మా గనిలో పుట్టింది" అన్నాడు తోరీబియో తాత, సొరకాయ చిప్పలో కల్లు గటగటా తాగేసి. "వెండిరాయి పొడిచేసి బురదలా కలిపి పాదరసం పోస్తారు. వెండి మొండికేసిందనుకో, ఇంకాస్త పోస్తారు. ఆ ఇంకాస్తే యాపా. మా తాత పళ్ళన్నీ ఊడిపోయింది దానివల్లే. పళ్ళిచ్చి సంపాదించుకున్న మాటయ్యా ఇది!"

"చాల్లే తాతా" అన్నాడు నాగలి పట్టే రైతొకడు. "మీ గని ఎప్పటిది? మా నేల ఎప్పటిది? దున్నడాన్ని మా పెద్దలు యాపూ అనేవాళ్ళు. ఒకసారి దున్నిన నేల గుల్లబారకపోతే ఇంకో చాలు వేస్తాం. అందులోంచి వచ్చింది."

కల్లు పోసే ఆవిడ లోపల్నుంచి అరిచింది. "దున్నిన మొక్కజొన్న మా కుండలోకే కదా వచ్చేది! మొదటి నీళ్ళు వంచేశాక అదే పిప్పి మీద మళ్ళీ నీళ్ళు పోస్తామే, అదీ అసలు యాపా. మీ ఇద్దరూ ఇప్పుడు తాగుతున్నది అదే, తెలుసా?"

అందరూ గొల్లుమన్నారు. లారీ డ్రైవరొకడు ఇంకో సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో, ఈ భాష అక్షరం ముక్క రానివాళ్ళు కూడా కొసరు అడుగుతారట. నియాపా అంటారట. ఇది మా కొండ మాట కదా అంటే, కాదు మా తాతలదే అని కొట్టడానికొచ్చారట.

"అయితే ఈ మాట కూడా సంతకి పోయి, ఎవరి ఇంట్లోనో పెంపుడుకెళ్ళి, పేరు మార్చుకుందన్నమాట" అంది రుఫీనా.

అరుగు చివర కూర్చున్న ఇలారియోని ఎవరో కదిపారు. "నువ్వు చెప్పవయ్యా, మూగనోము పట్టావేం?"

ఇలారియో కొండమీది ఊరివాడు. ఎద్దు తోలుతో తాళ్ళు అల్లుతాడు. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. తోలు వాసన, పొడుగు వేళ్ళు, మాట తక్కువ. ఒళ్ళో ఉన్న పశువుల తాడు విప్పి, ఇనుప కడియం దగ్గర లావుగా అల్లిన భాగం చూపించాడు.

"మా పనిలో దీన్ని యాపా అంటాం. ఎద్దు గుంజినప్పుడు బరువంతా దీనిమీదే. తాడు బాగానే ఉంటుంది, ఇది అరిగిపోతుంది."

"అరిగితే?"

"ఇంకోటి అల్లి కలుపుతాను. దానికోసం తాడంతా పారేస్తామా?"

గోనెల వెనక కూర్చుని మెల్చోరా ఆ మాట వింది. అప్పటికింకా ఆవిడ పొద్దు గూకలేదు. తాడు పట్టుకున్న ఆ వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయి, కొన్నావిడకి తెల్లగింజ బదులు పసుపు గింజ పోసేసింది.

మెల్చోరాకి ఇలారియో అంటే ఇష్టం. దీన్ని చుట్టూ తిప్పి చెప్పడం దేనికి? కొండమీది లారీ మధ్యాహ్నం భోజనాల వేళకి సంతలోకి వచ్చేది, పొద్దుగూకేవేళకి వెళ్ళిపోయేది. ఆ లారీ హారను వినపడితే ఆవిడ జడలు సర్దుకునేది. ఆయన తాళ్ళు అమ్ముకుని, కల్లు తాగి, అన్నీ అయ్యాక ఆఖర్న ఈవిడ దగ్గరికొచ్చి తెల్లగింజ కొనేవాడు. గింజ కొరికి చూడడు. బేరమాడడు. తక్కెడ వంక చూడడు. ఆవిడ సంచి మూతి దగ్గర చెయ్యి ఆపి, అడుగుతాడేమోనని ఆగేది.

"వస్తానండీ" అనేవాడు ఆయన.

అడిగేవాడు కాదు. ఒక్కసారి, పొరపాటున కూడా అడగలేదు. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గరే కొంటున్నాడు, అయినా ఆవిడకి కాసెరా కాలేదు. వాడెవడో మీసాలు రానివాడు కూడా "యాపా" అని చెయ్యి చాస్తాడే, ఈయనకేం? నా చెయ్యి మంచిది కాదా? వచ్చే వారం ఇంకో కొట్టుకి పోవచ్చని ముందే దారి చూసుకుంటున్నాడా? మెల్చోరాకి ఆ వీపు చూస్తే ఒళ్ళు మండేది. మండిన కాసేపటికి ఏడుపొచ్చేది.

పైగా ఆవిడ పొద్దు వెనక్కి వెనక్కి జరుగుతోంది. ఒకప్పుడు ఆయన లారీ ఎక్కేదాకా చూసేది. తర్వాత సంచి అందుకునేదాకా చూసేది. తర్వాత్తర్వాత లారీ దిగి తాళ్ళు భుజాన వేసుకునేటప్పుడు ఒక్కసారి కనిపించేవాడు, అంతలోనే చీకటి. ఇక లాంతరు వెలుగులో చేతులూ, గడ్డమూ, మాటా. ఎండలో ఆ మనిషి ఎలా ఉంటాడో ఆవిడ మరిచిపోసాగింది. తను కూడా అమ్మలాగే పోతానని ఆవిడకి తెలుసు. భయం లేదంటే అబద్ధం. కానీ పోయే లోపల ఆ మొహం ఒక్కసారి పూర్తిగా, నిదానంగా, సాయంత్రం ఎండలో చూడాలని ఉండేది. అంతకన్నా పెద్ద కోరిక లేదు.

వర్షాలు పడుతున్న రోజుల్లో ఒక మంగళవారం, కొంగులో పసిబిడ్డని కట్టుకుని ఒక పిల్ల వచ్చింది. తనే పిల్ల. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది.

"డాక్టరు క్లిజాలో ఉన్నాడంటమ్మా. పోవాలంటే ఏరు దాటాలి. నీళ్ళు లోతుగా ఉన్నాయి, చీకటిపడితే నాకు కాలు నిలవదు" అని గడగడా చెప్పి, చిన్న గుడ్డసంచిలో కాసిని గింజలు తూయించుకుంది. "కాస్త... కాస్త ఎక్కువ యాపా వెయ్యమ్మా."

మెల్చోరా ఒక చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ గోనెలో ముంచి ఎత్తింది. సంచి నిండి కింద ఒలికింది. ఆ పిల్ల ఒలికిన గింజలు కూడా ఏరుకుని పరిగెత్తింది. ఏరు దాటింది, బిడ్డ బతికింది. ఆ సాయంత్రం ఏటి ఒడ్డున చాలాసేపు ఎండ కాసిందని చెప్పుకున్నారు.

సంతలో ఆడవాళ్ళు ఇంకా భోజనం మూటలు విప్పకముందే మెల్చోరాకి చీకటిపడిపోయింది.

లాంతరు ముందు పెట్టుకుని కూర్చుంది. ఇలారియో వచ్చి గింజ కొనేదాకా ఇంటికి పోదు. లారీ హారను వినపడింది. జడలు సర్దుకుంది, ఎవరు చూస్తారని కాదు, చెయ్యి అలవాటు. ఎప్పటిలా ఆఖర్న కాదు, కాసేపటికే తోలు వాసన వచ్చింది.

"అప్పుడేనా?" అంది ఇలారియో గొంతు. అంతకుముందెప్పుడూ ఆయన ఆవిడతో ఆపాటి మాట కూడా కలపలేదు. "ఇంకా తలమీద ఉంది పొద్దు."

"నీ తలమీద ఉందేమో. నాకు లేదు. ఎంత తూయమంటావు?"

తూచింది. సంచి మూతి దగ్గర చెయ్యి ఆపింది. ఆయన మామూలుగానే "వస్తానండీ" అన్నాడు.

"ఆగు!" అంది మెల్చోరా. ఆ అరుపుకి రుఫీనా రొట్టె కింద పడేసుకుంది. "ఏమయ్యా, నా గింజ పుచ్చిందా? నా చేతికి కుష్ఠు ఉందా? ఇన్నేళ్ళుగా కొంటున్నావు, ఒక్కనాడు యా... ఒక్కనాడు కొసరడిగావా? ఊళ్ళో కుక్కలు కూడా అడుగుతాయి నన్ను. నువ్వు మాత్రం అడగవు. నేనంత చేదా నీకు?"

ఇలారియో సంచి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. గొంతుక్కూర్చున్నట్టున్నాడు, మాట కిందనుంచి వచ్చింది.

"మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు నన్ను సాయంత్రం దాకా చూశావు. నువ్వు చూడటం నేను చూశాను. రెండోసారి వచ్చినప్పుడు కాస్త ముందే లాంతరు పెట్టావు. ఎవరెవరికి ఎంతెంత పోతోందో అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. అడిగితే నాక్కూడా ఇస్తావు. ఇస్తే నన్ను చూసే పొద్దే తగ్గుతుంది. ఎలా అడగమంటావు చెప్పు?"

మెల్చోరా లాంతరు వత్తి తగ్గించింది, మళ్ళీ పెంచింది. తన మొహం ఆయనకి పట్టపగటి వెలుగులో కనిపిస్తోందని అప్పుడు గుర్తొచ్చి శాలువా ముందుకి లాక్కుంది.

"మరి నువ్వెందుకు అడగవు?" అన్నాడు ఆయన.

"ఎవర్ని?"

"ఎవర్నైనా. రొట్టె కొంటావు కదా. ఉప్పు కొంటావు కదా. నిన్ను అందరూ అడుగుతారు, నువ్వు ఎవర్నీ అడగవు. ఒకవైపే గుంజితే ఏ తాడైనా ఎంతకాలం ఆగుతుంది?"

"మా ఇంట్లో అడగరు."

"అడిగి చూశారా ఎవరైనా, పోయిన పొద్దు తిరిగి వస్తుందో రాదో?"

"లేదు" అంది.

"నన్నడుగు."

మెల్చోరా నోరు తెరిచింది. మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చింది. అక్కడ అమ్మ కళ్ళు మూసుకుంటూ కనిపించింది. నోరు మూసేసింది.

"తాళ్ళు అమ్ముకోవాలిగా, వెళ్ళు" అంది.

ఆ వారమంతా ఆవిడ కోళ్ళకి గింజలు వేస్తూ ఆ మాట అనడానికి చూసింది. యా దగ్గరే ఆగిపోయేది. గోడ వైపు తిరిగి అంది, రాలేదు. దుప్పటి ముసుగేసుకుని అంది, దగ్గొచ్చింది. తనని తను తిట్టుకుంది. ఈ మాట గనిలో పుడితే నాకేం, పొలంలో పుడితే నాకేం, నా నోట్లో పుట్టదే!

మళ్ళీ మంగళవారం వచ్చింది. ఆవిడకి తెలుసు, ఇవాళ సంత ఊపందుకునేసరికి తనకి చీకటే. బహుశా ఇంకొన్ని సంతలు, ఆపైన తెల్లవారడం కూడా ఉండదు. గోనెలు మోయించుకుని కోడికూత వేళకే వచ్చింది. తూర్పున కొండల మీద ఇంకా సరిగా వెలుతురు రాలేదు.

ఆవిడ చోటు పక్కన ఎవరో అప్పటికే తాళ్ళు పరిచి కూర్చున్నారు.

లారీ మధ్యాహ్నం గానీ రాదు. కొండ దిగి రాత్రంతా నడిచివచ్చాడు ఇలారియో. చెప్పులు బురదముద్దలయ్యాయి. పెదవులు చలికి పగిలాయి. ఆవిడని చూసి లేవబోయి, మోకాళ్ళు పట్టేసి మళ్ళీ కూలబడ్డాడు.

"నీకేమైనా మతిపోయిందా?" అంది మెల్చోరా.

"తాడు కావాలా?" అన్నాడు ఆయన.

ఆవిడకి తాడుతో పనిలేదు. ఉన్నది ఒక ముసలి మేక, దానికి కట్టు విప్పినా ఎక్కడికీ పోదు. అయినా కూర్చుంది. తాడు చేతిలోకి తీసుకుని గోటితో గీకింది.

"ఇది తోలేనా, అరటినారా?"

"ఎద్దు బతికుంటే నీ మీదికి కుమ్మేది ఈ మాటకి."

"ఇంత సన్నగా ఉందేం? దీనికి నా మేక కూడా నవ్వుతుంది."

"మేకని తీసుకురా, దాంతోనే బేరం తెగ్గొడతాను."

రుఫీనా రొట్టెల బుట్ట దించి, ఇదేం వింతరా అని నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. బేరం సాగింది. ఒకరు దిగారు, ఒకరు ఎక్కారు, మధ్యలో ఎక్కడో కలిశారు. ఆయన బారలు చాచి తాడు కొలిచాడు. కత్తితో కోసి చుట్ట చుట్టి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ డబ్బిచ్చింది. ఇక లేవడమే.

మెల్చోరా లేవలేదు. చుట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండ కొండ దాటి సంతలోకి వచ్చింది. ఆవిడకి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఇలారియో తొందరపెట్టలేదు. కత్తి చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"యాపా" అంది.

ఎంత చిన్నగా అందంటే, రుఫీనాకి పెదవులు కదలడమే కనిపించింది. అయినా అర్థమైంది. సంతకొచ్చే ప్రతి మనిషి పెదవులూ ఏ మాటకి అలా తెరుచుకుంటాయో రుఫీనా పుట్టిందగ్గర్నుంచి చూస్తూనే ఉంది మరి.

ఇలారియో ఇంకో బార కొలిచాడు. ఆగి, ఇంకో బార కొలిచాడు. కోసి ఆవిడ ఒళ్ళో వేశాడు. వేస్తున్నప్పుడు చలిగాలి తగిలినవాడిలా భుజాలు కుదించుకున్నాడు, అంతే.

"అడిగింది!" రుఫీనా గొంతు చించుకుని అరిచింది. "ఓసేయ్, అందరూ రండే! బసీలియా కూతురు యాపా అడిగింది!"

అరిచి ఊరుకోలేదు. రొట్టె ఒకటి తీసి మెల్చోరా చేతిలో పెట్టింది. "కొను. డబ్బివ్వు. ఇచ్చావా? ఇప్పుడు నన్నడుగు."

"అక్కా, నీ పొద్దు..."

"నా పొద్దు నాకు తెలుసు! సాయంత్రం ఆఖర్న కూర్చుని కోడలితో పోట్లాడ్డం తప్ప నేను చేసేదేం లేదు. అడుగు!"

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎలా చెప్తామే?" రుఫీనాకీ ఏడుపొచ్చింది. "అడగనిది చేతిలో పెడితే దాన్ని యాపా అంటారా? ధర్మం అంటారు. బసీలియా కూతురికి ధర్మం వేసేంత పొగరు మాకెక్కడిది? మీ అమ్మ కూడా అడగలేదు. ఇవాళ అడుగుతుందేమో, రేపు అడుగుతుందేమో అని చూసి చూసి ఆవిణ్ణి పాతిపెట్టి వచ్చాం. నిన్ను కూడా అలాగే పాతిపెట్టాలేమోనని ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు."

మెల్చోరా రొట్టె వంక చూసింది. "యాపా, కాసెరా" అంది. ఈసారి కాస్త పైకి వినిపించింది. రుఫీనా రొట్టెముక్క తుంచి ఆవిడ ఒళ్ళో వేసింది.

తర్వాత ఉప్పు కొంది. ఉల్లిపాయలు కొంది. మిరపకాయలు కొంది. ఒక్కొక్కరి ముందూ ఆగి ఒక్కొక్కరినీ అడిగింది. కల్లు పోసే ఆవిడ చిప్ప నింపి, మళ్ళీ పైన ఇంకాస్త పోసింది. తోరీబియో తాత దగ్గర అమ్మడానికేమీ లేదు. తన చొక్కా గుండీ ఒకటి తెంపి అమ్మి, ఇంకోటి యాపాగా ఇచ్చాడు. ఒక్కొక్కరి దగ్గరా పోయింది రెప్పపాటు పొద్దు. ఎవరికీ తెలియను కూడా తెలియలేదు.

భోజనాల వేళయింది. మూటలు విప్పారు. మెల్చోరా లాంతరు దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ఎందుకో ఆగింది. ఎండ అలాగే ఉంది. లారీ హారను వినపడింది. లారీ వచ్చి ఆగడం, జనం దిగడం, డ్రైవరు దుమ్ము దులుపుకోవడం, అన్నీ కనిపించాయి. ఎండ అలాగే ఉంది. కాసేపటికి గోనెల నీడ ఇటువైపు నుంచి అటువైపుకి జరగడం చూసింది. అలా పడే నీడని చూసి ఎన్నాళ్ళయిందో! పిచ్చిదానిలా ఆ నీడ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఎవరో వచ్చి పసుపు గింజ అడిగారు. తూచింది. కొసరడిగారు, వేసింది. ఎండ కాస్త కదిలింది, కానీ పోలేదు.

అప్పుడు తల తిప్పి ఇలారియోని చూసింది.

పక్కనుంచి పడుతున్న ఎండలో చూసింది. అనుకున్నంత పొడుగు మొహం కాదు. కనుబొమల్లో ఒకటి సగమే ఉంది, కొమ్ము తగిలిందేమో. కళ్ళు నల్లవనుకుంది, కావు, బెల్లం రంగు. చెవుల దగ్గర జుట్టు పూర్తిగా నెరిసింది. రాత్రంతా నడిచిన అలసటకి రెప్పలు వాలిపోతున్నాయి, అయినా నిద్రపోకుండా ఆపుకుంటున్నాడు.

"ఏంటి అలా చూస్తున్నావు?" అన్నాడు.

"ముసలాడివైపోయావు" అంది మెల్చోరా.

"నువ్వు రావడం ఆలస్యమైంది" అన్నాడు.

ఆవిడ చూపు మరల్చలేదు. ఆయనా మరల్చుకోమనలేదు. సంత పల్చబడింది. మూటలు కట్టారు, గాడిదలు కదిలాయి. లారీ ఇంజను మొదలైంది.

"ఇలారియో, ఎక్కుతావా ఎక్కవా?" డ్రైవరు కిటికీలోంచి అరిచాడు.

ఇలారియో చెయ్యి ఊపాడు, పొమ్మని. డ్రైవరు ఒకసారి ఇద్దరి వంకా చూసి, హారను కొట్టి, దుమ్ము లేపుకుంటూ పోయాడు. రుఫీనా బుట్ట సర్దుకుంటూ, ఏమీ చూడనట్టు, కళ్ళకి ఎండ తగలకుండా టోపీ అంచు కిందకి లాక్కుంది.

పడమటి కొండ మీద వెలుగు ఎర్రబడింది. మెల్చోరా పొద్దు మెల్లగా, తొందరేమీ లేకుండా, మర్యాదగా కిందకి దిగింది. ఆవిడ ఊపిరి బిగబట్టి చివరిదాకా చూసింది. చీకటిపడింది. గాలి చల్లబడింది. ఇక ఆయన కూడా కనిపించడు కదా అని గుండె జారిపోయింది. ఆయన ఎండలో, తను చీకట్లో, ఎప్పటిలాగే.

"అరె" అన్నాడు ఇలారియో పక్కనుంచి. "నాకూ పడిందే."

"నిజంగా?"

"చెయ్యి చూసుకుంటే కనిపించడం లేదు. రెండు బారలు ఎక్కువే వేసినట్టున్నాను నీకు."

రుఫీనా ఇంకా ఎండలో కళ్ళు చిట్లించుకునే బుట్ట నెత్తికెత్తుకుంది. వాళ్ళ మీదుగా చూసి, "కాలవ దగ్గర గాడిద ఉంది, చూసుకోండి ఇద్దరూ" అని చెప్పి పోయింది.

మెల్చోరా లాంతరు వెలిగించలేదు. చీకట్లో తడిమితే పొడుగు వేళ్ళు తగిలాయి, చల్లగా, తోలు వాసనతో. వాటిని తన పెద్ద చేతిలోకి తీసుకుంది.

"నీకు చుక్కలు కనిపిస్తున్నాయా?" అంది.

"ఒక్కటే కనిపిస్తోంది."

"ఎక్కడ?"

ఆయన ఆవిడ చెయ్యి పైకెత్తి ఆ వైపు చూపించాడు. ఆవిడ చూస్తున్నదీ దాన్నే.